అమెరికా పన్నుల సంస్థలో ఉద్వాసనకు గురైనవారి పునర్నియామకంపై నిషేధం: పూర్వాపరాలు

దుష్ప్రవర్తన కారణంగా తొలగించిన ఉద్యోగిని మళ్లీ అదే సంస్థలోకి తీసుకోరాదన్న నిబంధన అమెరికా సంయుక్త రాష్ట్రాల పన్నుల చట్టంలో 2019 జూలై 1న చేరింది. ఆ రోజున అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన ‘టాక్స్‌పేయర్ ఫస్ట్ యాక్ట్’ (పబ్లిక్ లా 116-25) లోని 3001వ సెక్షను దీనికి ఆధారం. సెక్షను నిడివి స్వల్పం. ఇంత సామాన్యమైన విషయానికి ప్రత్యేకంగా చట్టం ఎందుకు అవసరమైందన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. ఆ అవసరం వెనుక ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

ముందుగా ఒక స్పష్టీకరణ. ‘ఐ.ఆర్.ఎస్.’ అనగానే మన పాఠకులకు భారత రెవెన్యూ సర్వీసు స్ఫురిస్తుంది. అమెరికాలో ఇవే అక్షరాలు అక్కడి ఆర్థిక శాఖ, అనగా ట్రెజరీ, పరిధిలోని ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్‌ను సూచిస్తాయి. అది ఉద్యోగుల సర్వీసు కాదు, పన్నులు వసూలు చేసే సంస్థ. వార్తా సంస్థల కథనాలను అనువదించే సందర్భంలో ఈ రెండింటికీ తికమక ఏర్పడే ప్రమాదం ఉన్నందున ఈ వ్యాసంలో ‘రెవెన్యూ సర్వీస్’ అనే వ్యవహరించడం జరిగింది.

సీజనల్ ఉద్యోగుల వ్యవస్థ

అమెరికాలో వ్యక్తులు తమ ఆదాయపు పన్ను రిటర్నులను సాధారణంగా ఏప్రిల్ 15లోగా దాఖలు చేయాలి. జనవరి చివరి వారం నుంచి ఏప్రిల్ మధ్య వరకు కోట్ల సంఖ్యలో రిటర్నులు వచ్చి పడతాయి. వాటిని విప్పి, వర్గీకరించి, కంప్యూటరులోకి ఎక్కించేందుకు, ఫోనులో పన్ను చెల్లింపుదారుల సందేహాలకు సమాధానం చెప్పేందుకు యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్, మిస్సోరీలోని కాన్సస్ సిటీ, టెక్సస్‌లోని ఆస్టిన్ వంటి కేంద్రాలలో సీజనల్ ఉద్యోగుల అవసరం ఏర్పడుతుంది. సీజను ముగిశాక వీరిని పంపివేసి, మరుసటి ఏడు తిరిగి పిలుస్తారు. పని తెలిసినవారు కనుక పాతవారికే సహజంగా ప్రాధాన్యం లభిస్తుంది. శిక్షణ ఖర్చు తగ్గుతుంది, సమయం కలిసివస్తుంది.

ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. అయితే వెళ్లినవారు తిరిగి రావడం మామూలైన చోట, ఎవరు సీజను ముగిసి వెళ్లారు, ఎవరు తప్పు చేసి వెళ్లారు అన్న తేడాను నియామక విభాగం ప్రత్యేకంగా గమనించకపోతే ఇద్దరూ ఒకే ద్వారం గుండా లోపలికి వస్తారు. జరిగింది కూడా అదే.

1998 నాటి సంస్కరణ చట్టం

1997 సెప్టెంబరులో సెనేట్ ఫైనాన్స్ కమిటీ తన అధ్యక్షుడు విలియం రాత్ ఆధ్వర్యంలో రెవెన్యూ సర్వీస్ పనితీరుపై బహిరంగ విచారణలు జరిపింది. పన్ను చెల్లింపుదారులతో పాటు సంస్థ ఉద్యోగులు కొందరు కూడా కమిటీ ముందు హాజరై వేధింపులు, అన్యాయపు జప్తులు, కక్షసాధింపు చర్యల గురించి వాంగ్మూలం ఇచ్చారు. దేశమంతటా కలకలం రేగింది. దాని ఫలితమే 1998 జూలై 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆమోదించిన పునర్వ్యవస్థీకరణ, సంస్కరణల చట్టం (పబ్లిక్ లా 105-206). సంస్థపై నిఘా కోసం ట్రెజరీ శాఖలో పన్నుల పాలన ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే స్వతంత్ర పదవిని ఏర్పాటు చేసింది ఈ చట్టమే. ఆ కార్యాలయాన్ని అక్కడ పొడి అక్షరాలలో ‘టిగ్టా’ అంటారు.

అదే చట్టంలోని 1203వ సెక్షను ఉద్యోగుల నడవడికి సంబంధించినది. పది రకాల తప్పులను పేర్కొని, వాటిలో ఏది రుజువైనా ఉద్యోగిని తొలగించి తీరాలని అది ఆదేశించింది. ఉద్యోగ వర్గాలలో ఈ జాబితాకు ‘పది మహాపాతకాలు’ అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. తగిన అధికారి సంతకం లేకుండా ఉద్దేశపూర్వకంగా ఇంటిని, వ్యాపార ఆస్తులను జప్తు చేయడం, ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం, తప్పును కప్పిపుచ్చేందుకు పత్రాలను తారుమారు చేయడం లేదా ధ్వంసం చేయడం, పన్ను చెల్లింపుదారును గాని సహోద్యోగిని గాని కక్షతో వేధించడం, రాజ్యాంగ హక్కులను ఉల్లంఘించడం, చట్టసభ విచారణకు అందకుండా సమాచారాన్ని దాచడం ఇందులో ఉన్నాయి. దాడి నేరం కూడా ఉంది గాని, దానికి న్యాయస్థానం తీర్పు ఉండాలి. స్వప్రయోజనం కోసం ఆడిట్ జరిపిస్తానని బెదిరించడం జాబితాలో పదవది. 2015 డిసెంబరులో ఈ పదవ అంశాన్ని విస్తరించి, రాజకీయ ప్రయోజనం కోసం అధికారిక చర్య తీసుకోవడం లేదా తీసుకోకుండా జాప్యం చేయడం కూడా తొలగింపునకు కారణమేనని చేర్చారు.

ఆచరణలో ఎక్కువగా ముందుకు వచ్చినవి మాత్రం ఎనిమిదవ, తొమ్మిదవ అంశాలు: ఉద్యోగి తన సొంత రిటర్నును ఉద్దేశపూర్వకంగా గడువులోగా దాఖలు చేయకపోవడం, తన పన్నును ఉద్దేశపూర్వకంగా తక్కువ చేసి చూపడం. తొలి సంవత్సరాలలో ఈ సెక్షను కింద ఉద్యోగం పోగొట్టుకున్నవారిలో అత్యధికులు ఈ కారణంతో పోగొట్టుకున్నవారే. ఇతరుల చేత పన్ను కట్టించవలసినవాడు తాను కట్టకపోవడం సంస్థ పరువుకు సంబంధించిన విషయమని చట్టసభ భావించింది.

ఈ కఠినత్వానికి మరో పార్శ్వం ఉంది. కమిషనర్‌కు శిక్షను తగ్గించే విచక్షణాధికారం ఉంది గాని, దానిని కింది అధికారికి అప్పగించడానికి వీలు లేదు, దానిపై అప్పీలు లేదు. క్షేత్రస్థాయి ఉద్యోగులలో భయం ప్రవేశించింది. 1997లో సుమారు 10 వేలుగా ఉన్న ఆస్తి జప్తులు 1999 నాటికి 200 లోపునకు పడిపోయాయి. అక్రమ జప్తులతో పాటు సక్రమమైనవీ ఆగిపోయాయన్న విమర్శ వచ్చింది. జప్తు ప్రక్రియలో చట్టం కొత్తగా పెట్టిన మెట్లు కూడా ఇందుకు కారణమైనప్పటికీ, ఉద్యోగం పోతుందన్న భయం పాత్రను తోసిపుచ్చలేము.

ఇంత వివరంగా రాసిన చట్టంలో ఒక విషయం లేదు. తొలగించిన ఉద్యోగి తిరిగి దరఖాస్తు చేసుకుంటే ఏం చేయాలో 1203వ సెక్షను చెప్పలేదు.

రెండు ఆడిట్ నివేదికలు

ఈ లోపాన్ని వెలుగులోకి తెచ్చింది టిగ్టా. జె. రస్సెల్ జార్జ్ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న కాలంలో, 2014 డిసెంబరు నాటి నివేదికలో, 2010 జనవరి నుంచి 2013 సెప్టెంబరు వరకు జరిగిన నియామకాలను పరిశీలించారు. ఆ కాలంలో రెవెన్యూ సర్వీస్ 7,168 మంది మాజీ ఉద్యోగులను తిరిగి తీసుకోగా, వారిలో 824 మందిపై గతంలో నడవడికి లేదా పనితీరుకు సంబంధించిన ఆరోపణలు రుజువై ఉన్నాయి, లేదా తేలకుండా మిగిలి ఉన్నాయి. ఇందులో 141 మందివి సొంత పన్నులకు సంబంధించిన తప్పులు. ఐదుగురు ఉద్దేశపూర్వకంగా రిటర్నులు దాఖలు చేయలేదని సంస్థే స్వయంగా తేల్చింది. ఇటువంటి గతంతో తిరిగి వచ్చినవారిలో దాదాపు ఐదోవంతు మందిపై మళ్లీ కొత్త సమస్యలు తలెత్తాయి.

సంస్థ ఇచ్చిన వివరణ గమనార్హం. గత నడవడి, పనితీరు అన్నవి ఉత్తమ అభ్యర్థుల ఎంపికలో చెప్పుకోదగిన పాత్ర వహించవని అధికారులు తెలిపారు. కేంద్ర సిబ్బంది నిర్వహణ కార్యాలయం నిబంధనల మేరకే ఎంపిక జరిగిందని, నియమితులందరూ అర్హులుగానే తేలారని వారి వాదన. ఆ నిబంధనల ప్రకారం అనర్హుడని తేల్చిన వ్యక్తిని సైతం గరిష్ఠంగా మూడేళ్ల వరకే నిషేధించవచ్చు. సంస్థ వాదన నిబంధనల పరంగా సబబే కావచ్చు. అయితే అందరి ఆదాయ వివరాలు చేతిలో ఉండే ఉద్యోగానికి ఈ సాధారణ కొలమానం చాలునా అన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు.

రెండో నివేదిక 2017 జూలైలో వెలువడింది. 2015 జనవరి నుంచి 2016 మార్చి వరకు జరిగిన సుమారు 7,500 నియామకాలలో 2,000 మందికి పైగా మాజీ ఉద్యోగులే. వారిలో 200 మందికి పైబడినవారు గతంలో తొలగింపునకు గురైనవారు, లేదా నడవడి, పనితీరు వ్యవహారం నడుస్తుండగా వెళ్లిపోయినవారు. వీరిలో నలుగురు సొంత రిటర్నుల విషయంలో ఉద్దేశపూర్వక ఉల్లంఘనకు తొలగింపు పొందారు లేదా రాజీనామా చేశారు. మరో నలుగురు పన్ను చెల్లింపుదారుల దస్త్రాలను అనుమతి లేకుండా తెరిచి చూశారన్న విచారణ ఎదుర్కొంటూ వెళ్లిపోయారు. గైర్హాజరు, సెలవుల దుర్వినియోగం, కార్యాలయంలో అలజడి, ఆదేశాల ధిక్కరణ వంటి కారణాలు 86 మంది విషయంలో కనిపించాయి. పాత తొలగింపును లేదా నేరశిక్షను దరఖాస్తులో చూపకుండా దాచినవారు 27 మంది.

సంఖ్యల రీత్యా ఇవి చిన్నవే. 86 మందిలో చాలామంది తప్పులు ఏ కార్యాలయంలోనైనా కనిపించేవే. ఆందోళన కలిగించవలసింది దస్త్రాలు తెరిచి చూసిన ఆ నలుగురి విషయం. అనుమతి లేకుండా రిటర్నును చూడడం 1997 ఆగస్టు నుంచే అమెరికాలో నేరం. నేరం రుజువైతే ఏడాది వరకు జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు తప్పవు. పొరుగువారి, బంధువుల, విడాకులు పొందిన జీవిత భాగస్వామి వివరాలు చూడాలన్న కుతూహలాన్ని అణచేందుకే ఆ చట్టం వచ్చింది. అక్కడ స్థిరపడిన తెలుగువారు కూడా ఏటా రిటర్నులు దాఖలు చేసేవారే గనుక ఆ రక్షణ వారికీ వర్తిస్తుంది. అటువంటి ఆరోపణతో వెళ్లినవారికి మళ్లీ అదే కంప్యూటరు తాళం అప్పగించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

చట్టసభలో నడిచిన దారి

తొలి అడ్డుకట్ట బడ్జెట్ మార్గంలో వచ్చింది. 2015 డిసెంబరులో ఆమోదం పొందిన 2016 ఆర్థిక సంవత్సరపు ద్రవ్య వినియోగ చట్టంలో, మాజీ ఉద్యోగుల పునర్నియామకంలోను, బోనసుల చెల్లింపులోను నడవడిని, పన్నుల క్రమశిక్షణను పరిగణనలోకి తీసుకోకపోతే నిధులు ఖర్చు చేయరాదని షరతు విధించారు. ఇటువంటి షరతుల బలహీనత తెలిసిందే. అది ఏడాదికేడాది పునరుద్ధరించవలసినది. పైగా ‘పరిగణనలోకి తీసుకోవాలి’ అన్న మాట నిషేధం కాదు. పరిగణించి కూడా నియమించవచ్చు.

శాశ్వత నిషేధం కోరుతూ దక్షిణ డకోటాకు చెందిన ప్రతినిధుల సభ సభ్యురాలు క్రిస్టీ నోయెమ్ ఒక బిల్లు ప్రవేశపెట్టారు. రెవెన్యూ సర్వీస్ సిబ్బందిలో నిజాయితీని పరిరక్షించడం అన్న భావం దాని పేరులోనే ఉంది. 2016 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ దానిని ఆమోదించినా సెనేట్‌లో ముందుకు సాగలేదు. 2017లో మళ్లీ ప్రవేశపెట్టినా అదే గతి పట్టింది. ఒంటరిగా నెగ్గలేని ఈ ప్రతిపాదన చివరకు ఒక పెద్ద బిల్లులో చిన్న భాగంగా చేరి నెగ్గింది.

ఆ పెద్ద బిల్లే టాక్స్‌పేయర్ ఫస్ట్ యాక్ట్. దాని ప్రయాణం కూడా సాఫీగా సాగలేదు. 2019 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ ఆమోదించిన రూపంలో, ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీల ద్వారా ఉచితంగా రిటర్నులు దాఖలు చేసే ఏర్పాటును చట్టబద్ధం చేసే అంశం ఉంది. ప్రభుత్వం సొంతంగా ఉచిత సేవ ప్రారంభించకుండా అది శాశ్వతంగా అడ్డుపడుతుందన్న విమర్శ పత్రికలలో తీవ్రంగా రావడంతో ఆ అంశాన్ని తొలగించారు. జార్జియాకు చెందిన డెమొక్రాట్, పౌరహక్కుల ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్, పెన్సిల్వేనియాకు చెందిన రిపబ్లికన్ మైక్ కెల్లీ కలిసి సవరించిన బిల్లును తెచ్చారు. జూన్‌లో కొద్దిరోజుల వ్యవధిలోనే రెండు సభలూ దానిని మూజువాణి ఓటుతో ఆమోదించాయి. ఈ గొడవ అంతటిలోనూ పునర్నియామక నిషేధంపై చర్చ దాదాపు జరగలేదు. ఎవరికీ అభ్యంతరం లేకపోవడం ఒక కారణం. అందువల్లనే దాని పదజాలంపై తగినంత దృష్టి పడలేదని కూడా చెప్పవచ్చు.

సెక్షను ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

3001వ సెక్షను ఆదాయపు పన్ను స్మృతిలోని 7804వ సెక్షనుకు ‘డి’ అనే ఉపసెక్షనును జోడించింది. దాని సారాంశం ఇది: కమిషనర్ వద్ద గతంలో పనిచేసి, పన్ను స్మృతిలోని సంబంధిత భాగం కింద గాని, కేంద్ర ఉద్యోగుల చట్టంలోని 43వ లేదా 75వ అధ్యాయాల కింద గాని దుష్ప్రవర్తనకు తొలగింపు పొందిన వ్యక్తిని, అలాగే 1203వ సెక్షను కింద ఉద్యోగం కోల్పోయిన వ్యక్తిని, కమిషనర్ మళ్లీ నియమించరాదు. చట్టం ఆమోదం పొందిన తేదీ తర్వాతి నియామకాలకు ఇది వర్తిస్తుంది.

ఇందులో కాలపరిమితి లేదు. మినహాయింపు లేదు. 1203వ సెక్షను కింద శిక్ష తగ్గించే అధికారం ఉన్న కమిషనర్‌కు, ఒకసారి తొలగించాక తిరిగి తీసుకునే అధికారం మాత్రం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో గుమాస్తాగా తప్పు చేసి తొలగింపు పొందిన వ్యక్తికి నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ ద్వారం మూసే ఉంటుంది. అయితే నిషేధం ఆ ఒక్క సంస్థకే పరిమితం. మరో కేంద్ర ప్రభుత్వ విభాగంలో గాని, రాష్ట్ర పన్నుల శాఖలో గాని నియామకానికి ఈ సెక్షను అడ్డు కాదు.

అసలు చిక్కు ‘తొలగింపు పొందిన’ అన్న మాటలో ఉంది. విచారణ జరుగుతుండగా రాజీనామా చేసి వెళ్లిపోయిన ఉద్యోగి తొలగింపు పొందినవాడు కాడు. 2017 నివేదికలోని ఉదాహరణలలో గణనీయమైన భాగం సరిగ్గా ఇటువంటివే. ఉత్తర్వు రాకముందే రాజీనామా పత్రం సమర్పించే తెలివిడి ఉన్నవారు నిషేధం పరిధిలోకి రారు, లేనివారు వస్తారు. సాధారణంగా 43, 75 అధ్యాయాల రక్షణలు వర్తించని ప్రొబేషనరీ ఉద్యోగుల ఉద్వాసన విషయంలోనూ ఇదే సందిగ్ధం ఉంది.

రాజీనామా మార్గానికి పాక్షికమైన విరుగుడు మరొక చట్టంలో ఉంది. 2016 డిసెంబరులో వచ్చిన రక్షణ శాఖ అధికార చట్టం ద్వారా, విచారణ పూర్తికాకముందు రాజీనామా చేసిన కేంద్ర ఉద్యోగిపై అనంతరం ప్రతికూల నిర్ణయం వెలువడితే, ఆ విషయాన్ని అతని సర్వీసు దస్త్రంలో శాశ్వతంగా నమోదు చేయాలని నిర్దేశించారు. నమోదుకు ముందు నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ స్వీకరించాలి, అప్పీలు హక్కు కల్పించాలి. ఈ నమోదు నియామకాన్ని నిషేధించదు గాని, ‘మాకు తెలియదు’ అనే అవకాశాన్ని నియామక అధికారికి లేకుండా చేస్తుంది. ఉద్యోగి వెళ్లిపోయిన తర్వాత కూడా విచారణను చివరిదాకా నడిపే ఓపిక సంస్థకు ఉన్నప్పుడే దీని ప్రయోజనం.

పక్కనే ఉన్న 3002వ సెక్షనుకు పత్రికలలో తగిన ప్రచారం లభించలేదు. తన రిటర్నును ఉద్యోగి ఎవరైనా అక్రమంగా చూశారన్న విషయం పన్ను చెల్లింపుదారుకు అంతకుముందు, ఆ ఉద్యోగిపై క్రిమినల్ కేసు నమోదైనప్పుడు మాత్రమే తెలియజేసేవారు. అత్యధిక కేసులు శాఖాపరమైన చర్యతోనే ముగిసేవి కనుక బాధితుడికి విషయం తెలిసేదే కాదు. 2019 నుంచి, శాఖాపరమైన చర్య ప్రతిపాదించినప్పుడు కూడా తేదీతో సహా తెలియజేయాలి. ప్రతి అక్రమ పరిశీలనకు కనీసం 1,000 డాలర్ల నష్టపరిహారం కోరుతూ ప్రభుత్వంపై దావా వేసే హక్కు అంతకుముందే ఉంది. తెలియని నష్టానికి ఎవరూ దావా వేయలేరు. సామాన్యుడికి కలిగే ప్రయోజనం దృష్ట్యా పునర్నియామక నిషేధం కన్నా ఇదే మెరుగైన సంస్కరణగా తోస్తుంది.

అనంతర పరిణామాలు

2022 ఆగస్టులో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం రెవెన్యూ సర్వీస్‌కు పదేళ్లకు దాదాపు 8,000 కోట్ల డాలర్లు కేటాయించింది. తర్వాతి చట్టాలలో ఇందులో గణనీయమైన మొత్తాన్ని వెనక్కి తీసుకున్నారు. పెద్దఎత్తున నియామకాలు జరిగిన ఆ కాలంలో పాత ఉద్యోగుల వడపోత 2019 నిబంధనకు లోబడి జరగవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో పరిస్థితి తారుమారై, దాదాపు 7 వేల మంది ప్రొబేషనరీ ఉద్యోగులకు ఉద్వాసన పలికారు. పనితీరును కారణంగా చూపుతూ మూస లేఖలు ఇచ్చారన్న వివాదం న్యాయస్థానాలకు చేరింది, మార్చిలో పునరుద్ధరణ ఉత్తర్వులు వెలువడ్డాయి. తప్పు చేసినందుకు పంపడం, సిబ్బందిని తగ్గించుకునేందుకు పంపడం వేర్వేరు విషయాలు. లేఖలో రాసిన కారణమే ఒక వ్యక్తి భవిష్యత్తును నిర్ణయించే వ్యవస్థలో ఆ కారణం నిజమైనదై ఉండాలన్నది ఈ ఉదంతంలో ప్రస్ఫుటమైంది.

మన నిబంధనలతో పోలిక

మన అధికారులకు ఈ చర్చ పూర్తిగా కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమావళి, 1991 లోని 9వ నియమం పెద్ద శిక్షలలో ‘రిమూవల్’, ‘డిస్మిసల్’ అనే రెండింటిని వేరుచేసి చూపుతుంది. మొదటిది భవిష్యత్ ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హత కాదు. రెండవది సాధారణంగా అనర్హత అవుతుంది. కేంద్ర ఉద్యోగుల 1965 నాటి నియమావళిలోనూ ఇదే విభజన ఉంది. అనగా తిరిగి రావచ్చునా, రాకూడదా అన్న నిర్ణయం మన వద్ద శిక్ష విధించే రోజునే, కేసు తీవ్రతను బట్టి జరిగిపోతుంది. రాజ్యాంగంలోని 311వ అధికరణం మేరకు సాధారణంగా ఆ ముందు విచారణ, ఆరోపణల వెల్లడి, సమాధానానికి తగిన అవకాశం ఉండాలి. అమెరికా చట్టంలో ఇటువంటి రెండంచెల తేడా లేదు. దుష్ప్రవర్తనకు తొలగింపు అయితే చాలు, ఆ సంస్థకు సంబంధించినంతవరకు శాశ్వతమే.

మరొక కాకతాళీయం కూడా ఉంది. అమెరికా చట్టసభ ఆ బిల్లును ఆమోదించిన 2019 జూన్‌లోనే భారత ప్రభుత్వం ప్రాథమిక నియమావళిలోని 56(జె) కింద 12 మంది సీనియర్ ఆదాయపు పన్ను అధికారులకు నిర్బంధ పదవీ విరమణ ఇచ్చింది. ప్రజాప్రయోజనం దృష్ట్యా తీసుకునే ఈ చర్య సాంకేతికంగా శిక్ష కాదు, పెన్షను ప్రయోజనాలు కొనసాగుతాయి. వార్తలలో దీనిని ‘బర్తరఫు’ అని రాయడం సరికాదు. అలాగే అమెరికా కథనాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు తొలగింపు, రాజీనామా, ప్రొబేషను ముగింపు, సీజను ముగింపు అన్న నాలుగింటినీ ఒకే ‘ఉద్వాసన’ కింద చేర్చరాదు. 7804వ సెక్షను నిషేధం వీటిలో మొదటిదానికే, అదీ దుష్ప్రవర్తన కారణమైనప్పుడే వర్తిస్తుంది.